అవ్వకు అద్దాలు వచ్చాక

మొన్న తిరుపతిలో మనవరాలు నన్నొక పెద్ద హోటలుకు తీసుకెళ్ళి, నాకు ఇష్టమనుకుని రాగిసంగటి తెప్పించింది. ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సంగటి మీద నాకు ఏ పగా లేదు, దాన్ని తిని పెరిగిన ఒళ్ళే ఇది; ముద్ద ఆగింది మా మామ గుర్తొచ్చి.

డెబ్బైలలో సంగతి. మా అమ్మను కన్న అవ్వ ఐరాల దగ్గర పల్లెలో కొడుకు ఇంట్లో, అంటే మా మామ ఇంట్లో ఉండేది. రెండు కళ్ళకూ పొరలు కమ్మి గోడ పట్టుకుని నడిచేది. ఆ రోజుల్లో మన ఇళ్ళలో వరన్నమంటే పండగకో, చుట్టం వస్తేనో, జ్వరం తగిలితేనో కదా. బావిలో నీళ్ళూరి మడి పండాక ఇంటిల్లిపాదీ రోజూ అన్నమే తింటున్నా, అత్త మాత్రం ఆ పాత ఆనవాయితీని అడ్డం పెట్టుకుని, అవ్వకు పురుగు పట్టిన పిండితో సంగటి కెలికి పడేసేది. అన్నం వాసన వస్తోందే అని అవ్వ అడిగితే, "పిల్లోనికి జొరం అత్తా, వానికని రోంత వార్చినా" అనేది. పిచ్చి అవ్వ అది నమ్మి, పిల్లవాడి కోసం కాణిపాకం స్వామికి మొక్కుకునేది. ఊళ్ళో మామకేమో తల్లిని దేవతలా చూసుకుంటున్నాడని పేరు. పైన పటారం, లోన లొటారం.

ముసలిదానికి ఇప్పుడెందుకని మామ గొణుగుతున్నా, మా అమ్మ పట్టుబట్టి చిత్తూరులో ఆపరేషన్ చేయించి దిగబెట్టి వచ్చింది. నెలన్నరకు, ఆ రోజుల్లో అవి లేనిదే చూపు ఆనని సోడాబుడ్డి అద్దాలు తయారైతే, అవి తీసుకుని అమ్మా నేనూ చెప్పాపెట్టకుండా వెళ్ళేసరికి అందరూ భోజనాలకు కూర్చుని ఉన్నారు. అమ్మ సంబరంగా అవ్వకు అద్దాలు తగిలించింది. అవ్వ తన ముద్దలో తెల్లగా తేలిన పురుగులను చూసింది. ఎదురుగా కొడుకు పళ్ళెంలో నెయ్యి వేసిన అన్నం చూసింది. కొడుకు వైపు తిరిగి, "నీకెప్పట్నించి జొరం నాయనా?" అని మెల్లగా అడిగింది.

ఛీ, ఏం మనిషో. మామ అన్నం వదిలి లేవనైనా లేదు. మజ్జిగ కూడా పోసుకుని తిని, చెయ్యి కడుక్కుని, "కొంప కూల్చేదానికా ఈ అద్దాలు తెచ్చినావు" అని మా అమ్మ మీద విరుచుకుపడ్డాడు. అన్నేళ్ళూ ఆ ముద్ద ఆయన ఎదుటే ఉండేది, ఆయన కళ్ళకు ఏ పొరా లేదు. తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యమే.

అవ్వ ఆ పూటే మాతో వచ్చేసింది. ఇప్పుడు కంటి ఆపరేషన్‌కు పొద్దున వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి ఇంట్లో ఉంటున్నారు, ఆ బరువు అద్దాలూ పోయాయి, సంతోషమే. మా అవ్వ మాత్రం బతికినన్నాళ్ళూ మా ఇంట్లో కూడా ముద్ద కలిపే ముందు అందరి పళ్ళాలనూ ఒకసారి చూసుకునేది, వడ్డించేది కన్నకూతురే అయినా.