దిబ్బ మీద తోట వేసిన పంతులమ్మగారు

పోయిన మంగళవారం పొద్దున్నే పంతులమ్మగారు కాలం చేశారు. నేను ఆఫీసుకి బయలుదేరుతుంటే కాలవ కింది పేట మరియమ్మ మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడింది. "పంతులమ్మగారు ఇంక లేరండీ. గంజి పట్టుకెళ్లి పిలిస్తే పలకలేదండీ" అంది. ఆ గంజి గిన్నె ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఏడవడానికి ఇద్దరికీ ఓపిక లేకపోయింది.

ఏలూరులో ఆవిడని ఎరిగినవాళ్లు ఎక్కువమంది ఉండరు. మిషను వారి ఆడపిల్లల బడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, మానుకుని, మా వీధి చివర పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. ఆ ఇంటికీ కాలవగట్టుకీ మధ్య ఎవరికీ పట్టని ఖాళీ స్థలం ఒకటి ఉండేది. చుట్టుపక్కల చెత్తంతా అక్కడికే చేరేది. పగిలిన కుండలు, కుళ్లిన విస్తళ్లు, తివాచీలు నేసేవాళ్లు పారబోసిన ఊలు తుక్కు. అందరం ముక్కు మూసుకుని దాటిపోయేవాళ్లం. మునిసిపల్ ఆఫీసులో స్థలాల కాగితాలు రాసే గుమాస్తాని నేను. ఆ స్థలం నంబరు నాకు కంఠతా వచ్చు గాని, దాని గురించి ఒక్కనాడూ నోరు విప్పలేదు.

కొన్నేళ్ల కిందట వానలకి మా వీధిలో వాంతిభేది వచ్చింది. మా చిన్నపిల్ల పోయింది. ఐదేళ్లది. ఇంతకంటే రాయలేను, పాఠకులు మన్నించాలి.

పరామర్శకి వచ్చినవాళ్లంతా రాత అన్నారు, ఋణం తీరిందన్నారు. పంతులమ్మగారు మాత్రం గుమ్మంలో నిలబడి, "ఏవండీ, మీ ఇంట్లో గునపం ఉందా అండీ?" అని అడిగారు. ఎందుకని అడగకుండా తెచ్చి ఇచ్చాను. కాసేపటికి వీధిలోకి వచ్చి చూద్దును గదా, అరవై దాటిన మనిషి, చెంగు నడుముకి బిగించి, ఆ దిబ్బని తవ్వుతున్నారు. పోటుకీ పోటుకీ మధ్య చాలాసేపు ఆగుతున్నారు. అలా ఆగడం చూడలేక వెళ్లి గునపం అందుకున్నాను.

అది ఒక రోజుతో తేలే పని కాదు. ఎన్నో నెలలు పట్టింది. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లల తల్లులు పేటలోంచి వచ్చారు. మా వీధివాళ్లు మొదట కిటికీల్లోంచి చూశారు, తరవాత ఒక్కొక్కరే దిగారు. కొల్లేటి నుంచి కాలవ మీద వచ్చే పడవవాళ్లని ఆవిడ బతిమాలి ఒండ్రుమట్టి తెప్పించారు. ఇంటికొక సాలు పంచారు. వంగ, బెండ, గోంగూర, గట్టు వెంబడి బీరపాదులు. బడి అలవాటు పోక, పొద్దున్నే గొడుగు వేసుకుని నిలబడి ఇంటింటి పేరూ పిలిచేవారు. పలకనివాళ్ల ఇంటికి వెళ్లి, "ఒంట్లో బాగుందా అండీ?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకి భయపడే చాలామందిమి వెళ్లేవాళ్లం. నడుములు పట్టేసి ఎవరైనా రేపు చూద్దామంటే, "రేపటి అలుపు రేపు ఉండనే ఉంది. ఇవాళ్టిది ఇవాళ పడదామండీ" అనేవారు. ఆవిడ ఉత్సాహంగా ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు. అలిసిపోయే చేసేవారు.

మొదటి కాపు నాడే గొడవ వచ్చింది. మా ఎదురింటి ప్లీడరు గుమాస్తాగారి భార్య వంకాయల బుట్ట కింద పెట్టేసి, "పేటవాళ్లు నీళ్లు పోసిన కూర మేం వండుకోమండీ" అంది. మరియమ్మ బిందె పట్టుకుని అక్కడే ఉంది. 

పంతులమ్మగారు గొంతు పెంచలేదు. "నీళ్లు కాలవవండీ. పైన ఎవరెవరు ముంచుకున్నాక వచ్చాయో మనం ఏనాడైనా అడిగామా?"

గుమాస్తాగారి భార్య బుట్ట తీసుకోకుండానే వెళ్లిపోయింది. అదే బుట్ట మా ఆవిడ ఎత్తుకుని ఇంటికి తెచ్చింది. పిల్ల పోయాక మా ఇంట్లో పొయ్యి మీద కూర ఉడికిన వాసన అదే మొదలు.

రెండేళ్లు గడిచాక మా ఆఫీసుకి ఆ స్థలం గుర్తొచ్చింది. ఊళ్లో బండ్ల రద్దీ పెరిగింది, అవి నిలపడానికి చోటు కావాలి. శుభ్రంగా ఉన్న చోటు అదే. ఖాళీ చెయ్యమని నోటీసు రాయవలసింది నేనే, తీసుకెళ్లి ఇవ్వవలసిందీ నేనే. పంతులమ్మగారు కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివారు. "చేతిరాత బాగుందండీ" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

"నన్నేం చెయ్యమంటారండీ?" అన్నాను.

"అర్జీ రాసిపెట్టండి. ఇంత బాగా రాసేవారు ఇంకెవరున్నారు?"

నోటీసు రాసిన చేత్తోనే అర్జీ రాశాను. పై అధికారి చివాట్లు పెట్టాడు, నాలుగు నెలలు పలకరించలేదు. చివరికి కాలవ వైపు సన్నటి ముక్క వదిలి, తక్కినదంతా తీసుకున్నారు. చదును చెయ్యడానికి ముందు రోజు తోటలో పైమట్టి అంతా గంపల్లో ఆ ముక్కలోకి మోశాం. వరసగా నిలబడి చేతులు మార్చుకున్నాం. మరియమ్మ అందించిన గంప నేను అందుకున్నాను, నేను అందించింది ప్లీడరు గుమాస్తాగారు అందుకున్నారు. ఆయన భార్య మాత్రం రాలేదు. పంతులమ్మగారు బోర్లించిన తట్ట మీద కూర్చుని ఉన్నారు, లేచే శక్తి లేక. "చాలండీ, ఈపాటి నేల చాలు" అని ఒకటికి రెండుసార్లు అన్నారు. మాకోసం అన్నారో, తనకోసమో తెలియదు.

ఆ తరవాత ఆవిడ తేరుకోలేదు. దగ్గు పట్టుకుంది. తోటకి రావడం వారానికొకసారి అయింది, తరవాత కిటికీ దగ్గర కుర్చీ అయింది.

ఖననం అయ్యాక పెద్దగా మాట్లాడుకోకుండా ఎవరి ఇళ్లకి వాళ్లం వచ్చేశాం. సన్నముక్క ఎన్నాళ్లుంటుందో నాకు తెలుసు, కాగితాలు నా బల్ల మీదికే వస్తాయి. నాకు కూడా వయసు మీద పడుతోంది. ఇంకొక అర్జీ రాయగలనా అంటే, రాస్తాననే అనుకుంటున్నాను.

నిన్న సాయంకాలం ముసురు పట్టింది. ఆఫీసు నుంచి వస్తూ గట్టు మీద ఆగాను. మా ఆవిడా మరియమ్మా మిరపనారు నాటుతున్నారు. వాన జోరు హెచ్చేసరికి ఇద్దరూ ఒకే గోనెపట్టా తలల మీదికి లాక్కున్నారు. పట్టా చిన్నది. ఇద్దరి వీపులూ తడుస్తూనే ఉన్నాయి. ఒకరు వేలితో బురదలో గుంట చేస్తున్నారు, ఇంకొకరు మొక్క పెడుతున్నారు.