పాలు పొంగించిన బాబాయి

నా చిన్నప్పుడు సాగర్ ఒడ్డున జరిగిన సంగతి ఇది. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నాకు ఈ జన్మలో గోంగూర పచ్చడి పుట్టకూడదని కృష్ణమ్మ మీద ఒట్టేసి మొదలుపెడుతున్నాను.

మాచర్లలో దుకాణం నడిపే మా బాబాయి జలాశయం ఒడ్డున ఒక పాత ఇల్లు కొన్నాడు. డ్యాము కట్టే రోజుల్లో ఎవరో కాంట్రాక్టరు తన కోసం కట్టించుకున్నదట. వసారాలో కూర్చుంటే ఎదురుగా నీళ్లు, అవతల కొండలు. ఆ నీళ్లలో చేపలు దూడలంత ఉండేవి. అవి ఎగిరిపడితే వసారా తడిసిపోయేది. లోపల మాత్రం అంతా పాతకాలపు వ్యవహారం. వంటగదికి కిటికీ లేదు. నేల మీదే పొయ్యి. పొగ పోవడానికి గోడ పైన పిడికెడంత కంత.

బాబాయి గోడలకు సున్నం వేయించాడు, వసారాలో కొత్త నాపరాళ్లు పరిపించాడు. వంటగది జోలికి మాత్రం పోలేదు. నీళ్ల వైపు గోడకు కిటికీ పెట్టించి, నిలబడి వండుకునే గట్టు కట్టించమని పిన్ని అడిగింది. కొద్దిపాటి పొగకే ఆమెకు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది.

"బండరాయిలాంటి గోడ, పగలగొట్టమంటావేందే? మా అమ్మ జన్మంతా ఇట్టాంటి పొయ్యి మీదే వండలా?" అన్నాడు బాబాయి.

ఆ అమ్మ, అంటే మా నాయనమ్మ, పక్కనే వక్క నములుతూ విన్నది.

గృహప్రవేశం నాడు పిన్ని పాలగిన్నె తీయబోతే నాయనమ్మ ఆపింది. "మన వంశంలో కొత్తింట్లో పాలు ఇంటాయనే పొంగియ్యాల. ఆచారం తప్పితే ఎట్టా?"

అలాంటి ఆచారం ఒకటుందని మేమెవరమూ వినలేదు. ముత్తయిదువుల ముందు కాదనలేక బాబాయి పట్టుపంచె ఎగదోపి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. పచ్చి పుల్లలు ఏరి తెచ్చిందెవరో నేను చెప్పక్కర్లేదు. ఊదితే పొగ, ఊదకపోతే ఇంకా పొగ.

వసారాలో పిల్లలమంతా కేకలు. "ఒరేయ్, ఆ చేప చూడండ్రా, ఎంతుందో!"

"ఏదిరా? ఎక్కడ?" అని లోపలి నుంచి బాబాయి. ఆయనకు కనపడేది మసిపట్టిన గోడ ఒక్కటే. లేవబోతే నాయనమ్మ గుమ్మంలో అడ్డంగా కూర్చుంది.

"ఏందమ్మా ఈ పొగ! ఎట్టా వండుతారిక్కడ?"

"ఎట్టాగో వండాను నాయనా. నాకు అడగటం తెలవలా. ఆ పిల్ల అడిగింది."

పాలు పొంగాయి. పొగకు ఎర్రబడ్డ కళ్లతో బయటికొచ్చిన బాబాయి, విందుకొచ్చిన మేస్త్రీని విస్తరి ముందే పట్టుకుని, తెల్లారగానే గోడ పగలగొట్టమన్నాడు.

ఇప్పుడు ఆ ఒడ్డున పాత ఇళ్లు కొని బాగుచేయించుకునేవాళ్లు నన్ను తోడు తీసుకెళ్తుంటారు. నా మాటలు నమ్మకపోయినా ఇల్లు చూసే తీరు నమ్ముతారు. వాళ్లు వసారాలో నిలబడి నీళ్లను మెచ్చుకుంటుంటే, నేను ముందు వంటగదిలోకి వెళ్లి వండేవాళ్లుండే చోట కాసేపు ఉండి చూస్తాను. అది నేర్పిన నాయనమ్మకు అక్కడే మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఒట్టేశాను గనుక కల్పించిందేమిటో కూడా చెప్పాలి. చేపలు దూడలంత ఉండేవి, అందులో మార్పు లేదు. బాబాయి కళ్లు పొగకు ఎర్రబడ్డాయన్నదే నా కల్పన. పొయ్యి ఆరి, పొగంతా పోయాక కూడా ఆయన నాయనమ్మ కాళ్ల దగ్గర కూర్చుని పైపంచెతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.