ఇదా చుట్టడం?

మా పదిహేడో దుకాణం ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథిగారు తమ ఉపన్యాసంలో మూడో వంతు తినేశారు. తప్పు ఆయనది కాదు. రాసుకొచ్చిన కాగితాన్ని కౌంటరు మీద పరిచి, కళ్లజోడు తుడుచుకోవడానికి అటు తిరిగారు, అంతే. ఆయన ఇటు తిరిగేలోగా మా బావ ఆ కాగితం మీద రొట్టె వేసి, రొట్టె మీద అన్నం, బీన్సు, మొక్కజొన్న గింజలు, టమాటా సల్సా పేర్చి, కాగితంతో సహా చుట్టేసి, "మొదటి బరిటో మీరే తినాలండీ" అని చేతికందించాడు.

అతిథిగారు మర్యాదస్తులు. కొరికారు, నమిలారు, మింగారు. "రుచి అమోఘం. పైపొర మాత్రం కొంచెం సాగుతోంది" అన్నారు. తరవాత సల్సా మరకలతో మిగిలిన రెండు వంతులూ విప్పి చదివారు. "ఈ సంస్థ ముందు ముందు" అన్నచోట కాగితం అయిపోయింది. ఆయనా ఆగిపోయారు. ఇంత క్లుప్తంగా మాట్లాడిన ముఖ్య అతిథిని ఎన్నడూ చూడలేదని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మా బావకున్నది ఒకటే జబ్బు. కళ్లెదుట ఏది పరిచి కనబడినా చుట్టకుండా ఉండలేడు. తువ్వాలు, చాప, పటం, కరెంటు బిల్లు, ఆఖరికి పక్కింటివాళ్లు ఆరేసుకున్న దుప్పటి కూడా. అడుగు మడిచి, పక్కలు లోపలికి తోసి, బిగించి ఒక్క చుట్టు. "ఈ ఇంట్లో పేపరు చదవాలంటే ముందు ఒలుచుకోవాలి" అంటుంది మా అక్క. దుకాణాల నమూనాలు గీసే ఇంజనీరు ఒక్కడికే మా బావతో ఏ ఇబ్బందీ లేదు. అతని కాగితాలు ముందే చుట్టి వస్తాయి.

నా సంగతి చెబుతాను. ఒక ఆదివారం వాళ్లింట్లో భోంచేసి సోఫాలో కునుకు తీశాను. ఫోను మోగితే మెలకువ వచ్చింది. లేవబోతే చేతులు లేవు. కాళ్లూ లేవు. మెడదాకా దుప్పటి, పాదాల కింద చక్కగా మడిచి ఉంది. దొర్లి కిందపడ్డాను గానీ విడిపోలేదు. అక్క వంటింట్లోంచి వచ్చి చూసి, "బాగా చుట్టారు, కదూ?" అని మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. అప్పటికి నాకు నలభై ఏడేళ్లు.

ఈ జబ్బు ఎక్కణ్ణుంచి అంటుకుందో చెప్పాలంటే మొదటి దుకాణం దగ్గరికి వెళ్లాలి. మా బావ ఓడల్లో పదేళ్లు వంటవాడుగా పనిచేశాడు. ఎక్కడో ఒక రేవులో బండి దగ్గర నిలబడి బరిటో తిన్నాడట. దిగొచ్చాక బస్టాండు పక్కన, అంతకుముందు గొడుగులు బాగుచేసిన గదిలో, నాలుగు స్టూళ్లేసి మెక్సికన్ హోటలు తెరిచాడు. పద్ధతి ఇప్పటికీ అదే. వచ్చినవాళ్లు అద్దం పక్కన నడుస్తూ అది వెయ్యి, ఇది వద్దు అని వేలు చూపిస్తారు. చివర్లో చుట్టి ఇస్తాం. రుచి బ్రహ్మాండంగా కుదిరింది. చుట్టడమే రాలేదు. మొదటిరోజు నలభై బరిటోలు చుట్టాడు, నలభై ఒకటి విడిపోయాయి. ఒకటి రెండుసార్లు విడిపోయింది.

ఆ వారమే మా మేనకోడలు పుట్టింది. బావ ఆస్పత్రికి పరిగెత్తాడు. వార్డులో ఒక ఆయమ్మ పసిపిల్లను పొత్తిళ్లలో చుడుతోంది. పాదాలు లోపలికి, ఈ చెయ్యి, ఆ చెయ్యి, ఒక్క చుట్టు. బావ నోరు వెళ్లబెట్టి నిలబడిపోయాడు.

"పిల్ల ఎవరి పోలికండీ?" అని మంచం మీంచి మా అక్క అడిగింది.

"ఉండవే. ఆయమ్మా, ఇంకోసారి విప్పి చుట్టు" అన్నాడు బావ.

పుట్టిన పిల్ల మొహం చూడకుండా పిల్లను చుట్టిన గుడ్డను చూశాడని అక్క ఈనాటికీ దెప్పుతూనే ఉంటుంది. ఆయమ్మకు అప్పుడే ఆస్పత్రిలో ఉద్యోగ విరమణ దగ్గరపడింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. మా దుకాణంలో చుట్టడానికి రమ్మని బావ అక్కడే బతిమాలాడు. "ఖాళీగా కూర్చుని గోడలతో కబుర్లేం చెప్పను, వస్తా. కానీ ఒక్కమాట బాబూ. నా చేత్తో చుట్టింది ఇంతవరకూ విడిపోలేదు. విడిపోయిన రోజున నువ్వు చెప్పక్కర్లేదు, ఏప్రాన్ తీసి నేనే వెళ్లిపోతా" అంది.

ఆవిడ వచ్చాక బరిటో విడిపోవడం ఆగింది, వరస బస్టాండులోకి పాకింది. రెండో దుకాణం కాలేజీ ఎదురుగా, మూడోది ఆస్పత్రి కింద, ఆ తరవాత నాకు లెక్క తప్పింది. పదిహేనేళ్లలో ఇరవై మూడు. ప్రతి కొత్త దుకాణానికీ ఆయమ్మ నెలరోజులు వెళ్లి చుట్టేవాళ్లను తయారుచేసేది. ఆవిడ పాఠానికి ఒకటే భాష. అందుకే మా దుకాణాలు ఎక్కడున్నా, కౌంటరు అవతల ఇప్పటికీ ఇలాగే వినిపిస్తుంది.

"పాదాలు లోపలికి తొయ్యి!"

"చేతులు బిగించావా?"

"తల బయటపెట్టు, లేకపోతే ఎలా తింటారు?"

కొత్తగా వచ్చిన ఒకాయన ఇది విని, కట్టిన డబ్బు వెనక్కి కూడా అడక్కుండా వెళ్లిపోయాడు.

మధ్యలో జనం గిన్నె అడగడం మొదలుపెట్టారు. అంటే అన్నీ వేయాలి, రొట్టె వద్దు, చుట్టొద్దు. బావకు రెండు రోజులు ముద్ద దిగలేదు. "పసిపిల్లకు స్నానం చేయించి, చలిలో అలా వదిలేసినట్టుందిరా" అన్నాడు. చివరికి ఒప్పుకున్నాడు గానీ, ప్రతి గిన్నెకూ చేతిగుడ్డ చుట్టి ఇవ్వాలని పట్టుబట్టాడు.

ఇంతవరకూ ముచ్చటగానే ఉంది. ఈ మూడేళ్లుగా జబ్బు ముదిరింది. బావ రోజూ ఏదో ఒక దుకాణానికి హఠాత్తుగా వెళ్లేవాడు. కౌంటరు వెనక్కి దూరేవాడు. ఎవరో శుభ్రంగా చుట్టిన బరిటోను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇదా చుట్టడం?" అని విప్పేసి మళ్లీ చుట్టేవాడు. ఆ బరిటోకు మా కళ్లకు ఏ లోపమూ కనిపించేది కాదు. మొదటి దుకాణానికైతే, రద్దీ వేళకు, రోజూ. ఆయమ్మ చుట్టినవాటిని కూడా వదిలేవాడు కాదు.

"నేర్పినదాన్ని నేనైతే, నాకే వంకలా?" అనేది ఆయమ్మ.

"నువ్వయితే మాత్రం? ఇదా చుట్టడం?"

"ముదిరింది. నిమ్మకాయ రసం తలకు పట్టించండర్రా!" అని ఆవిడ నవ్వేది.

ఆవిడ నవ్వేది గానీ నాకు నవ్వొచ్చేది కాదు. ఎందుకంటే దుకాణాలు నడిపే బాధ్యత నాది. ఇంకో ఇరవై తెరవడానికి భాగస్వాములు ముందుకొచ్చారు. వాళ్లది ఒకటే షరతు, వరస ఆగకూడదు. నా చేతికి ఒక స్టాప్‌వాచ్ ఇచ్చారు. ఇరవై మూడు దుకాణాలూ తిరిగాను. బావ లేనప్పుడు బరిటోకు పది సెకన్లు. బావ ఉంటే నలభై. గుండె రాయి చేసుకుని ఒక సర్క్యులర్ రాశాను. "చుట్టే పనికి నియమించినవారు తప్ప, ఎవరైనా సరే, బరిటోను తాకరాదు." ఎవరైనా సరే అన్న మాట కింద గీత కూడా గీశాను.

బావ దాన్ని రెండుసార్లు చదివాడు. కోప్పడతాడనుకున్నాను. అడుగు మడిచి, పక్కలు తోసి, నున్నగా చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మొదటి దుకాణానికి కూడానా?" అన్నాడు.

"అన్నిటికీ బావా. రూలు రూలే కదా."

"ఊఁ" అన్నాడు. అంత చిన్న మాటను ఆయన నోట నేనెన్నడూ వినలేదు.

వారం గడిచింది. ఇరవై రెండు దుకాణాల్లో వరస నదిలా సాగింది. నేను రొమ్ము విరుచుకుని తిరిగాను. మొదటి దుకాణం నుంచి మాత్రం ఫిర్యాదులు. సోమవారం బరిటో విడిపోయింది. మంగళవారం మూడు. శుక్రవారం మధ్యాహ్నం నా స్టాప్‌వాచ్ పట్టుకుని నేనే వెళ్లి కూర్చున్నాను.

చుట్టేచోట ఇద్దరున్నారు, ఆయమ్మ, పక్కన చాకులాంటి ఒక అమ్మాయి. నేను గడియారం నొక్కి ఆయమ్మ చేతులు చూశాను. నొక్కిన వేలు నొక్కినట్టే ఉండిపోయింది. రొట్టె అంచు పట్టుకోగానే ఆవిడ కుడిచెయ్యి వణుకుతోంది. ఎడమచేత్తో దాన్ని అదిమిపెట్టి, పెదవి కొరుక్కుని, పాదాలు లోపలికి తోస్తోంది. బిగించేసరికి ఒక పక్క జారుతోంది. ఆ పక్క ఆవిడ కంటికి ఆనడం లేదు. పదిహేనేళ్లుగా చుట్టిన చేతులు కదా, చుట్టాననే అనుకుంటోంది.

అంతలో ఖాకీ చొక్కా తొడుక్కున్న ఒక పోస్ట్‌మ్యాన్ రెండు ముద్దలు తిన్నాడో లేదో, బీన్సంతా జారి జేబులో పడింది.

"ఇదేంటండీ, ఇది చుట్టారా, పొట్లం విప్పి ఇచ్చారా?" అని కౌంటరు దగ్గరికొచ్చాడు.

ఆయమ్మ ఆ బరిటోను చూసింది. పక్కమ్మాయిని చూసింది. ఆ అమ్మాయి తలొంచుకుంది. తరవాత ఆవిడ నా వైపు తిరిగింది.

"బాబూ, నిజం చెప్పు. ఇది నేను చుట్టిందేనా?"

యాభై రెండేళ్ల వయసులో, ఇరవై మూడు దుకాణాల పెత్తనం చేస్తున్నవాణ్ణి, నాకు ఒక్క అబద్ధం తోచలేదు. "అది... ఆయమ్మా... రొట్టె..." అని నసిగాను. ఆవిడ చేతులు వెనక్కి వెళ్లాయి. ఏప్రాన్ ముడి వెతుకుతున్నాయి.

తలుపు ధడాలున తెరుచుకుంది. బావ. రోడ్డుకు అవతల బస్సు కోసం నిలబడేచోట ఆ వారమంతా అలాగే నిలబడి అద్దంలోంచి చూస్తున్నాడని తరవాత తెలిసింది. ఏ బస్సూ ఎక్కని ఈ మనిషెవరని కండక్టర్లందరికీ అనుమానం వచ్చిందట.

ఆయన తిన్నగా కౌంటరు వెనక్కి వచ్చాడు. ఆయమ్మ వైపు చూడనైనా లేదు. పక్కమ్మాయి చుట్టిపెట్టిన బరిటోను, గీత గీసినట్టున్న దాన్ని, పైకెత్తాడు.

"ఇదా చుట్టడం?" అని అరిచి విప్పేశాడు. దాని పక్కది విప్పాడు. ఆపైన ఇంకోటి. "వారం రోజులు నేను రాకపోతే ఇదా మీరంతా చేసే నిర్వాకం? పోస్ట్‌మ్యాన్‌గారి జేబు పాడుచేశారు! ఇరవై మూడు చోట్లా ఇదే వరస! ఒక్కరికీ చుట్టడం రాదు! ఏదీ, ఆయమ్మా, నీది కూడా ఇటు పట్రా!"

ఆయమ్మ చేతులు ముడి దగ్గరే ఆగాయి. ఆయన్ని కాసేపు ఎగాదిగా చూసింది.

"తగ్గలేదన్నమాట" అంది.

"ఏంటి తగ్గేది?"

"నీ జబ్బు. ఈ వారం రాకపోతే నయమైపోయిందేమోనని బెంగపెట్టుకున్నా" అని ముడి మళ్లీ బిగించుకుంది.

రద్దీ తగ్గాక బావను బయటికి లాక్కెళ్లాను.

"మూడేళ్లుగా ఆవిడ చెయ్యి వణుకుతోంది. నువ్వు మూడేళ్లుగా ఊరూరా బరిటోలు విప్పుతున్నావు. అవునా?"

"నీకన్నీ అనుమానాలేరా."

"ఆవిడవి మాత్రం సరిచేస్తే సరిపోయేది కదా బావా! మిగతా ఇరవై రెండు దుకాణాలేం పాపం చేశాయి?"

బావ నా మెళ్లోంచి స్టాప్‌వాచ్ తీసి, దాని తాడు దానికే చుట్టడం మొదలుపెట్టాడు. "ఇరవై రెండు చోట్లా ఆవిడ శిష్యులే. రోజూ ఫోన్లు చేసుకుంటారు. నా ఒక్కదానివే విప్పుతున్నాడని ఆవిడకు తెలిసిపోదూ?" అన్నాడు. చుట్టడం అయ్యాక గడియారాన్ని నా జేబులో పెట్టాడు. ఆ ముడి విప్పడం నాకిప్పటికీ రాలేదు.

ఆ సాయంత్రమే పాత సర్క్యులర్ రద్దుచేసి కొత్తది రాశాను. మొదటి దుకాణం ఇకమీదట శిక్షణ కేంద్రమని, అక్కడ వేగం నియమాలు వర్తించవని, చుట్టడం రానివారు ఎంతకాలమైనా అక్కడ ఆయమ్మ దగ్గర నేర్చుకోవచ్చని. భాగస్వాములు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. శిక్షణ అన్న మాటకు ఎవరూ ఎదురు చెప్పలేరు. మొదట చేరింది మా బావ. ఇప్పుడు మిగతా దుకాణాలకు వెళ్లడం మానేశాడు. రద్దీ వేళకు ఏప్రాన్ కట్టుకుని ఆవిడ పక్కన నిలబడతాడు. ఆవిడ పాదాలు తోస్తే ఈయన చేతులు బిగిస్తాడు. మధ్యమధ్య ఆవిడ ఆయన చేతిమీద ఒక్కటేసి, "ఇదా చుట్టడం?" అంటుంది.

మొన్న భాగస్వాముల్లో పెద్దాయన ఎవరికీ చెప్పకుండా వచ్చి వరసలో నిలబడ్డారు. పావుగంటైంది. మెడ సాచి చూసి, "ఏమండీ, ఒక్క బరిటోకు ఇద్దరు మనుషులా? ఇదేం పద్ధతి?" అని గట్టిగానే అడిగారు.

మా బావ తలెత్తకుండా చెప్పాడు: "ఆవిడ నేర్పుతోందండీ, నేర్చుకునేవాణ్ణి నేనే, కాస్త మొద్దుని."