మా ఇరాన్ మాస్టారు

మా సోషల్ మాస్టారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్న షాపులో ఒకాయనకి చొక్కా కొలతలు తీస్తూంటే, మాస్టారి వీధిలో పాలు పోసే అతను సైకిలాపి, "మీ ఇరాన్ మాస్టారు పోయేరట" అన్నాడు. కొలతలిస్తున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి, "పాపం, ఇరాన్‌లోనా?" అని అడిగాడు. ఏడుపు రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. మాస్టారు డెబ్బై ఎనిమిదేళ్లూ అనకాపల్లి గాలే పీల్చారు. ఇరాన్ మాట అలా ఉంచండి, ఆయన రాజమండ్రి దాటింది జీవితంలో ఒకే ఒక్కసారి. ఆ ఒక్కసారీ పక్కన నేనున్నాను. అందుకే ఈ నాలుగు ముక్కలూ నేను రాయవలసి వచ్చింది. లేకపోతే కత్తెర పట్టే చేతికి కలం ఎందుకు?

మా తొమ్మిదో తరగతి సోషల్ పుస్తకంలో ఇప్పటి ఇరాన్, అప్పటి పర్షియా మతం గురించి నాలుగు వాక్యాలుండేవి. జరతుష్ట్ర అనే ప్రవక్త దాన్ని బోధించాడనీ, వాళ్లు అగ్నిని పూజిస్తారనీ, అరబ్బులు ఆ దేశాన్ని గెలిచాక కొందరు ఓడలెక్కి గుజరాత్ తీరానికి వచ్చారనీ, వాళ్లనే పారసీలంటారనీ. మిగతా మాస్టార్లు ఆ నాలుగు వాక్యాలూ నాలుగు నిమిషాల్లో దాటించేసేవారు. మా మాస్టారు వినాయక చవితికి మొదలుపెడితే దసరా సెలవులు వచ్చి అడ్డుపడేవి. ఫ్రెంచి విప్లవం మా క్లాసుదాకా ఎన్నడూ రాలేదు. అదెందుకు జరిగిందో నాకీ రోజుకీ తెలీదు.

రెండో వాక్యం దగ్గర ఆయనకి ఒళ్లు మండేది. అగ్నిని పూజించడమేమిటి, దేవుడు అహుర మజ్దా, నిప్పు ఆయన వెలుగుకి గుర్తు మాత్రమే అనేవారు. "మీ తాత ఫొటోకి దణ్ణం పెడితే అద్దానికి పెట్టినట్టేటిరా?" అని అడిగేవారు. ఆ దేవుడికి ఎదురుగా ఒక చెడ్డశక్తి ఉందట, పేరు అంగ్ర మైన్యు. ఈ రెంటి మధ్యా యుద్ధం నడుస్తూ ఉంటుందట. మనిషన్నవాడు రోజూ పొద్దున్నే లేచి ఏదో ఒక పక్కన చేరాల్సిందే, గోడ మీద పిల్లిలా కూర్చుంటానంటే కుదరదట. మంచి ఆలోచన, మంచి మాట, మంచి పని, ఈ మూడే ఆ మతం మొత్తం అని చెప్పేవారు. హోంవర్కు చెయ్యకుండా సాకులు చెబితే చెవి మెలిపెట్టి, "ఆలోచన ఉంది, మాట ఉంది, పనేదిరా?" అనేవారు. నా ఎడమ చెవి కుడిదానికన్నా కాస్త పొడుగ్గా ఉండడానికి కారణం జరతుష్ట్రే.

పారసీలు గుజరాత్ ఒడ్డున దిగినప్పుడు అక్కడి రాజు అంచుదాకా నిండిన పాలగిన్నె పంపించాడని కథ. మా రాజ్యంలో ఇక చోటు లేదని దానర్థం. వాళ్ల పూజారి అందులో చిటికెడు పంచదార కలిపి తిప్పి పంపాడట, ఒలికిపోకుండా తీపి చేస్తాం అని. ఈ పాఠం మాస్టారు చేసి చూపించాలనుకున్నారు. టీకొట్టు నుంచి గ్లాసు నిండా మరుగుతున్న పాలు తెప్పించారు. పంచదార మర్చిపోయారు. అనకాపల్లిలో బెల్లానికేం కరువు, ఎవడి జేబులోనో ఉన్న ముక్క తీసి వేశారు. క్లాసంతా మెడలు చాపి చూస్తూండగానే పాలు విరిగిపోయాయి. మాస్టారు గ్లాసులోకి చాలాసేపు చూశారు. తర్వాత, మనూరివాళ్లు అలా ఎక్కడికీ వెళ్లకపోవడమే మంచిదయింది అని చెప్పి అటెండెన్సు తీసుకున్నారు.

ఇంత పిచ్చి ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగితే, చదువుకునే రోజుల్లో లైబ్రరీలో దొరికిన అట్టలూడిన పుస్తకం అనేవారు. పారసీలు ఇక్కడికి వచ్చాక వెలిగించుకున్న నిప్పుని వెయ్యేళ్లకి పైగా ఆరనివ్వలేదనీ, యుద్ధమొచ్చినప్పుడు కొండగుహలో దాచి, గొడవ సద్దుమణిగాక మళ్లీ మోసుకొచ్చారనీ అందులో ఉందట. మా ఇంట్లో పొయ్యి మధ్యాహ్నానికే చల్లారిపోతుంది, వీళ్లు ఎలా కాపాడేర్రా అని ఆశ్చర్యపోయేవారు. అలాంటి నిప్పుని ఒక్కసారి కళ్లారా చూడాలన్నది ఆయన కోరిక. మేడ కట్టాలని లేదు, హెడ్మాస్టరవ్వాలని లేదు, ఇదొక్కటే. కానీ పారసీలు కానివాళ్లని ఆ గుళ్లోకి రానివ్వరు. ఈ సంగతి మాకు చెప్పిందీ ఆయనే. స్లిప్ టెస్టులో రెండు మార్కుల ప్రశ్నగా కూడా ఇచ్చారు.

చూడలేని నిప్పు గురించి ఇంట్లో మాత్రం కట్టుదిట్టాలు చేశారు. నోటి గాలి నిప్పుకి మైల అని, వాళ్ల పూజారులు మూతికి తెల్లగుడ్డ కట్టుకుని గాని దాని దగ్గరికి వెళ్లరని చెప్పి, భార్య చేతిలోంచి ఊదుగొట్టం లాక్కున్నారు. ఆవిడని మేమంతా అమ్మగారు అనేవాళ్లం. అమ్మగారు ఆ పూట ఉడకని పప్పు వడ్డించారు. మర్నాడు ఊదుగొట్టం యథాస్థానానికి వచ్చింది. తర్వాత ఆయన దృష్టి కన్నతల్లి మీద పడింది. ఆ ముసలమ్మ మా వైపు పాతకాలం ఆడవాళ్లలాగే అడ్డచుట్ట కాల్చేది, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. ఊపిరి తగలడమే తప్పంటే నువ్వు ఏకంగా నోట్లోనే పెట్టుకుంటున్నావేమిటని మాస్టారు తగువేసుకున్నారు. ఆవిడ చుట్ట తియ్యకుండానే, "ఆళ్లు గుళ్లో దాసుకున్నారు, నాను నోట్లో దాసుకున్నాను. ఆరకుండా సూడ్డవే గదా కావాల?" అంది. మాస్టారు రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు క్లాసులో, మా అమ్మ చెప్పినదాంట్లో పాయింటుందర్రా అని ఒప్పుకున్నారు.

పెద్ద గుడిలో అగ్నిని నిలపాలంటే పదహారు రకాల నిప్పులు తెచ్చి శుద్ధి చెయ్యాలట. కంసాలి కుంపటి, కుమ్మరి ఆవం, కమ్మరి కొలిమి, ఇటుకబట్టీ, రొట్టెల పొయ్యి, ఆఖరికి శ్మశానంలో చితి, ఆకాశం నుంచి పడ్డ పిడుగు కూడా. ఇవి అనకాపల్లి చుట్టుపక్కల ఎన్ని దొరుకుతాయో చూద్దామని ఒక వేసవిలో సైకిలు మీద బయల్దేరారు. బెల్లం పొయ్యి ఆ లిస్టులో లేకపోవడం వాళ్ల లోపమేనని తేల్చారు. సారా బట్టీ నిప్పు కూడా లిస్టులో ఉంది. దాని కోసం రోలుగుంట దాటి కొండవారన ఒక ఊళ్లో వాకబు చేస్తే, ఆ ఊరివాళ్లు ఎక్సైజు మనిషనుకుని ఒక కోడిపెట్టని చంకలో పెట్టి సాగనంపారు. ఎంత చెప్పినా నమ్మలేదట. ఇంటికి తెచ్చిన పెట్టని అమ్మగారు కూర వండుదామంటే ఒప్పుకోక, మర్నాడు బస్సెక్కి తిరిగిచ్చి వచ్చారు. నన్ను ఇంకెవరో అనుకుని ఇచ్చినది ఉంచుకుంటే అబద్ధం తిన్నట్టే అన్నారు. ఆ మతంలో అబద్ధాన్ని మించిన పాపం లేదు. పూర్వం ఆ దేశంలో పిల్లలకి గుర్రమెక్కడం, బాణం వెయ్యడం, నిజం చెప్పడం, ఈ మూడే నేర్పేవారట. మాస్టారికి గుర్రమూ బాణమూ అందుబాటులో లేక మూడోదాని మీద పడ్డారు.

ఆయన రిటైరైన కొన్నేళ్లకి, ఊళ్లో కొత్తగా సెల్‌ఫోన్లు మోగుతున్న రోజుల్లో, నాకొక ఆలోచన వచ్చింది. సికింద్రాబాద్‌లో పారసీల గుడి ఉంది. అక్కడి అగ్ని గుజరాత్ అగ్నంత పెద్ద తరగతిది కాదుగాని, మాస్టారు దానికీ సరేననేవారు. మాస్టారు పచ్చగా ఉండేవారు, ముక్కు గద్దముక్కు. ఒక పాత మ్యాగజైనులో పారసీ పెద్దమనిషి ఫొటో చూసి, అచ్చం అలాంటి తెల్ల పొడుగుకోటు, నల్లటోపీ కుట్టాను. గర్వంగా చెబుతున్నానని అనుకోకండి, కోటు భుజాల దగ్గర ఎలా కూర్చుందంటే, ఆ ఫొటోలో ఆయనకే అంత బాగా కూర్చోలేదు. గుడిని బయటినుంచైనా చూసొద్దాం, గౌరవంగా ఉంటుంది ఇవి వేసుకోండి అని మాత్రం చెప్పాను. అసలు ఉద్దేశం చెబితే ఆయన రైలెక్కరు. అమ్మగారు అప్పడాలూ పులిహోరా కట్టిచ్చి, కోటుని ఎగాదిగా చూసి, పెళ్లినాడు కూడా ఇంత బాగా లేరని నిట్టూర్చారు.

గుడి గేటు దగ్గరికి చేరేసరికి ఎండ ఎక్కింది. వాచ్‌మన్ మాస్టార్ని చూసి బెంచీ మీంచి లేచి సెల్యూట్ కొట్టి, గేటు తెరిచేశాడు. ఇంకో రెండడుగులు వేస్తే లోపలుంటారు. నలభై ఏళ్ల కోరిక. మాస్టారు ఆగిపోయారు. తెరిచిన గేటుని తన చేత్తోనే మళ్లీ దగ్గరికి లాగారు.

"బాబూ, నేను పారసీని కాదు. అనకాపల్లి నుంచి వచ్చేను. సోషల్ మాస్టార్ని" అన్నారు.

"మరి ఈ ఏసం ఏటి?" అన్నాడు వాచ్‌మన్. మాస్టారు నా వైపు చూశారు. అప్పటికి ఆయనకి మొత్తం అర్థమైంది. ఆ చూపుకి నా ఎడమ చెవి దానంతటదే ఎర్రబడింది.

అదృష్టమో దురదృష్టమో, ఆ వాచ్‌మన్‌ది మన పాలకొండ. యాస వినగానే మెత్తబడి, మాస్టారికి బెంచీ ఇచ్చాడు, మంచినీళ్లిచ్చాడు, టీ తెప్పించాడు. గేటు మాత్రం తియ్యనన్నాడు. "పదేనేళ్ల బట్టి ఇక్కడే కాపలా కాత్తన్నాను. లోపలేటుందో నాకే తెల్దు. మా ఇంటిది రోజూ అడుగుద్ది, ఏటి సెప్పమంతారు?" అన్నాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని మూసిన గేటుని చూస్తూ టీ తాగారు. నాకు మాత్రం మండిపోతోంది. ఆయన్ని గోడ పక్కకి తీసుకెళ్లి, నోరు మెదపకుండా ఉంటే సరిపోయేది కదా, అబద్ధం కూడా ఆడక్కర్లేదు, కోటే ఆడేది అన్నాను.

"అబద్ధమాడి లోపలికెళ్తే కనిపించేది పొయ్యేరా. దానికి ఇంతదూరం ఎందుకు, మీ అమ్మగారి దగ్గరే ఉంది" అన్నారు మాస్టారు. గొంతు మామూలుగానే ఉంది. కళ్లు మాత్రం గేటు మీదే ఉన్నాయి. నా జన్మలో ఆయన్ని అంత ప్రేమించిందీ, అంత విసుక్కున్నదీ ఆ క్షణమే.

కాసేపటికి లోపల్నుంచి ఒక ముసలామె వచ్చింది. తెల్లచీర, తలకి రుమాలు, నుదుట చిన్న బూడిద బొట్టు. మాస్టారు లేచి నిలబడ్డారు. ఏదైనా శాస్త్రం అడుగుతారేమో, పదహారు నిప్పుల లెక్క తీస్తారేమో అనుకున్నాను. "అమ్మా, వెలుగుతోందా?" అని అడిగారు. అంతే. ఆమె ఒక్క క్షణం ఆయన్ని పరికించి, వెలుగుతోందని తలూపింది. జవాబు తెలిసిన ప్రశ్నే. అయినా మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాచ్‌మన్ హైదరాబాద్ ఉర్దూలో గేటు సంగతంతా చెప్పాడు. ఆమె నవ్వింది. చేతిలో ఉన్న కాగితం పొట్లం విప్పి, లోపలి నిప్పు తాలూకు బూడిద వేలితో కొంచెం తీసి, మాస్టారి నుదుటి మీద పెట్టి వెళ్లిపోయింది.

తిరుగు రైల్లో మాస్టారు వెనక్కి ఆనుకోలేదు, మొహం కడుక్కోలేదు, టోపీ పెట్టుకోలేదు. తెల్లారి తుని దాటుతూండగా చూస్తే, కూర్చునే నిద్రపోతూ, కిటికీ ఊచకి నుదురు ఆనించి ఉన్నారు. మే నెల. చెమట కారి కాలర్ దాకా తడిసింది. నుదుటి మీద నలుసంత బూడిద కూడా లేదు. అనకాపల్లి వస్తూంటే ఉలిక్కిపడి లేచారు. అద్దం లేదు. నా వైపు మొహం తిప్పి, "ఉందా?" అని అడిగారు.

"ఉంది మాస్టారూ" అన్నాను.

ఆయనతో నేనాడిన అబద్ధం అదొక్కటే. బతికుండగా చెప్పే ధైర్యం చాలలేదు, ఇప్పుడు చెబుతున్నాను. క్షమించండని అడగను. మళ్లీ అడిగినా ఉందనే అంటాను.

స్టేషన్ బయట ఆటో పిలిస్తే, కుదుపులకి రాలిపోతుందని వద్దన్నారు. మెడ నిటారుగా పెట్టి, చెమట తుడుచుకోకుండా, ఎదురైనవాళ్లు నమస్కారం పెడితే తల వంచకుండా చేతులు మాత్రం ఎత్తుతూ నడిచారు. ఆయన పక్కన నేను సంచీ మోసుకుంటూ, తలుపు తీసేవాళ్లు ఏమంటారో అనుకుంటూ నడిచాను. తలుపు తీసింది అమ్మగారే. "చూడు" అని మాస్టారు గుమ్మంలోనే మొహం ముందుకి వంచారు, పదహారేళ్ల పిల్లాడిలా. అమ్మగారు ఆ నుదురు చూశారు, తర్వాత ఆయన వెనకాలున్న నన్ను చూశారు. నేను చేతులు జోడించాను. ఆవిడ తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, ఏమీ లేని ఆ నుదుటిని వేలికొసతో మెల్లిగా తాకి, కళ్లకద్దుకున్నారు.