మెరుపుకి పైన చూసే మావయ్య

మా ఉబాల్దో మావయ్య మెరుపుని చూడడు. మెరుపుకి పైన చూస్తాడు.

మరకైబో సరస్సులో గుంజలు పాతి కట్టుకున్న ఇళ్ళు మావి. పొద్దుగూకితే చాలు, దక్షిణాన దూరపు మబ్బుల్లో మెరుపులే మెరుపులు. మాకవి వీధిదీపాలతో సమానం, ఎవరూ తలెత్తరు. మావయ్య మాత్రం మబ్బు నెత్తిమీదున్న ఖాళీ ఆకాశంకేసి గుడ్లప్పగించేవాడు.

"మెరుపంటే కిందికి పడేదొక్కటే అనుకున్నావా? పెద్దది మెరిస్తే పైన, చాలా పైన, ఎర్రగా ఓ పువ్వు పూస్తుంది. రెప్ప వేశావో, పోయిందే!"

"నువ్వు చూశావా?"

"పెళ్ళికి ముందు ఒకసారి. మీ అత్తయ్య వచ్చాక పైకి చూసే తీరికేదీ?"

ఓ పెళ్ళి ఊరేగింపులో అలా పైకి చూస్తూ నడిచి, ఇళ్ళ మధ్య చెక్క వంతెన మీంచి నేరుగా నీళ్ళలో పడ్డాడు. బయటికి లాగగానే, "ఇంతకీ ఎవరికైనా కనబడిందా?" అన్నాడు.

"కనబడింది, నీ చెప్పు. అదిగో, తేలిపోతోంది," అంది అత్తయ్య.

ఆ ఏడు వానాకాలంలోనే పక్కింటి ఎడిల్మా మొగుడు నెప్తాలీ చేపలకి వెళ్ళి, పడవలోనే పిడుగుపడి పోయాడు. ఎడిల్మా వల ముట్టడం మానేసింది. సందెవేళకే తలుపులు బిగించి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కేది. సరస్సు వదిలేసి గట్టుమీదున్న చెల్లెలి దగ్గరికి పోతానంది.

సరిగ్గా అప్పుడే మావయ్యకి చూపు మసకబారింది. వెళ్ళి ఎడిల్మా తలుపు బాదాడు.

"కళ్ళు సరిగ్గా ఆనడంలేదమ్మా. కాసేపు నా బదులు చూసిపెట్టు."

"ఆ పాడు మెరుపుని నేను చూడను."

"మెరుపుని చూడమన్నానా? దాని పైన చూడు."

తిట్టుకుంటూ మావయ్య ఇంటి వసారాలోకి వచ్చింది. వచ్చి కళ్ళు మూసుకు కూర్చుంది. అది మొదలు రోజూ సాయంత్రం మావయ్య కాఫీ, వేయించిన అరటికాయ ముక్కలు ముందు పెట్టి, "ఏమైనా ఉందా?" అనేవాడు.

"లేదు."

"సరిగ్గా చూడు."

"లేదంటే లేదు, ముసలాడా!"

అంత గట్టిగా తిట్టాలంటే కళ్ళు తెరవాలి కదా. రోజూ కాస్తకాస్త తెరిచింది. చెల్లెలింటి మాట కూడా వాయిదా పడుతూ వచ్చింది.

ఓ సాయంత్రం దూరాన మబ్బంతా ఒక్కసారి తెల్లగా వెలిగింది. ఎడిల్మా ఎగిరి లేచింది.

"అదిగో! ఎర్రగా! నీళ్ళమీది గుర్రపుడెక్క మొక్క వేళ్ళలా కిందికి వేలాడుతూ... అయ్యో, పోయింది! నెప్తాలీకి చూపించాల్సింది!" కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "చూశావా, ముసలాడా?"

"ఎక్కడ? ఎక్కడ?" అంటూ మావయ్య మబ్బుకి వీపు పెట్టి ఇటు మా ఇంటివేపు తిరిగాడు.

మర్నాడు ఎడిల్మా పడవ కడిగింది. మావయ్య ఆవిడ కోసం చిన్నచిన్న గాలాల కంతల్లో దారం చకచకా ఎక్కిస్తున్నాడు.

"మావయ్యా, నీ చూపు బానే ఉందే!" అన్నాను.

"ష్! గట్టిగా అనకు. ఆవిడ వింటే, సాయంత్రం నా పక్కన కూర్చుని తిట్టేదెవరు?"