కొసరు మీట

ఇంగువ డబ్బా మూత తీసినప్పుడల్లా జగ్గయ్యపేటలోని మా కిరాణా కొట్టు గుర్తొస్తుంది. ఎండుమిర్చి ఘాటు, బెల్లం దిమ్మల తీపి వాసన, గోనెసంచుల దుమ్ము, పత్తి తీతల రోజుల్లో వత్సవాయి నుంచి ట్రాక్టర్లలో వచ్చి దిగే ఆడవాళ్ల కొప్పుల్లోని చేమంతులు, అన్నీ కలిసి ఒక్కసారిగా కమ్ముకుంటాయి. ఆ వాసనల మధ్య, గల్లాపెట్టె వెనకాల మా నాయనమ్మ మఠం వేసుకుని, పక్కన పుట్నాల డబ్బా పెట్టుకుని కూర్చునేది. ఎంత సరుకు కొన్నా, గుప్పెడు పుట్నాలో, చిన్న బెల్లం ముక్కో కొసరు వేయకుండా ఎవరినీ మెట్లు దిగనిచ్చేది కాదు. వేదాద్రి తిరనాళ్లకు వెళ్లే పిల్లలకైతే రెండు జేబులూ నిండాల్సిందే.

మా నాన్నకేమో కొత్తొక వింత, పాతొక రోత. నేను ఐదో తరగతి చదివే రోజుల్లో ఒక వేసవిలో గల్లాపెట్టె తీసేసి బిల్లు మిషన్ తెచ్చిపెట్టాడు. దాన్ని బిగించడానికి నందిగామ నుంచి సుభాని అనే మెకానిక్ వచ్చాడు. తాళంచెవి ఒకవైపు తిప్పితే అమ్మకం, ఇంకోవైపు తిప్పితే దానికి పాఠం చెప్పడం. ఒక్కో సరుకుకూ ఒక నంబరు, ఒక ధర, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక పేరు. ఇంట్లో సామాన్ల చీటీ లాగే పసుపుతో మొదలుపెట్టి నాన్న చెబుతూ పోయాడు, సుభాని మీటలు నొక్కుతూ పోయాడు. పొడుగు పేర్లు మిషన్‌కు పట్టేవి కావు. మినపగుళ్లు ‘మినప’ దగ్గరే తెగిపోతే పిల్లలం పడీపడీ నవ్వాం.

అంతా అయ్యాక నాన్న పుట్నాల డబ్బా వైపు చూశాడు. “అమ్మా, ఇక కొసర్లు కుదరవే. మిషన్ లెక్కకీ సరుక్కీ తేడా వచ్చిద్ది.”

“కొసరెయ్యని కొట్లో నేనెందుకురా?” అని నాయనమ్మ డబ్బా మూత బిగించి ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాన్నతో మాట కూడా మానేసింది. ఆమె ఇక ఎప్పటికీ ఆ చోట కూర్చోదేమోనని నాకు ఒకటే బెంగ.

కొట్లో మిషన్ చక్కగానే పనిచేసింది. మనుషులే కదల్లేదు. బిల్లు తీసుకుని, డబ్బులిచ్చి, సంచి మూతి తెరిచి పట్టుకుని అలాగే నిలబడేవాళ్లు. “ఏది అన్నాయ్, పెద్దమ్మ కనపళ్లా?” అని ఒకావిడ అడిగేసరికి నాన్న మొహం చిన్నబోయింది. మళ్లీ సుభానికి కబురు పెట్టాడు.

సుభాని సంగతంతా విని, “ఒక మీటకి ధర సున్నా పెట్టి, కొసరని పేరేద్దామండి. అప్పుడు మిషనూ ఒప్పుకుద్ది,” అన్నాడు. నాయనమ్మకు ఇంగ్లీషు రాదని అమ్మ ఆ మీట మీద ఎర్ర బొట్టుబిళ్ల అంటించింది. నాన్నే వెళ్లి బతిమాలి తీసుకొచ్చాడు. నాయనమ్మ భయంభయంగా వేలితో నొక్కింది. మిషన్ కీచుమని చీటీ కక్కింది.

“ఇదేందిరా, సున్నా పడింది?”

“నీ కొసరేనమ్మా. దానికి డబ్బులు పడవు.”

“పడగూడదు మరి,” అని మఠం వేసుకుని సర్దుకుని కూర్చుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కొన్నేళ్లకు ఆమె పోయింది. కర్మలయ్యాక కొట్టు తెరిచిన రోజున ఒకావిడ బిల్లు తీసుకుని ఎప్పట్లాగే నిలబడింది. నాన్న ఎర్రబొట్టు మీట నొక్కాడు, డబ్బాలో చేయి పెట్టాడు, ఆగిపోయాడు. వాళ్లమ్మ గుప్పెడు ఎంతుండేదో ఆయనకు తెలియదు. చివరికి రెండు చేతులా తీసి పోశాడు. నాన్న ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు ఆ కొట్టు లేదు, దాని చోట సెల్‌ఫోన్ల షాపు ఉంది. నేనుండే ఊళ్లో పెద్ద మాల్లో సరుకులు కొంటాను. బిల్లు చేతికొచ్చాక కూడా ఒక్క క్షణం, సంచి మూతి తెరిచి పట్టుకుని నిలబడిపోతాను.

“అయిపోయింది మేడం, జరగండి,” అంటుంది కౌంటర్లో అమ్మాయి.