పక్కగదిలోంచి వచ్చిన అక్షరాలు

ఈ సంగతి మొదట కాలేజీలో రాసిచ్చాను. జవాబు లేదు. లినక్స్ అనే కంప్యూటర్ సిస్టమ్ వాడేవాళ్లు మాట్లాడుకునే చోట ఇంటర్నెట్‌లో పెట్టాను. అంతమంది చదివితే ఒక్కడు రాశాడు, వాడూ వెక్కిరించాడు. చివరికి అడగాల్సిన మనిషినే ఎదురుగా అడిగాను. ఆయన ఛాయ్ తాగమన్నాడు. ఎవరు ఎప్పుడు ఏమన్నారో మరిచిపోయే రకం కాదు నేను. అందుకే మళ్లీ చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పించినా నా పది వేళ్లూ కీబోర్డుకు పనికిరాకుండా పోవాలి.

తెలంగాణ వచ్చిన యేడాది. కోదాడలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ. కంప్యూటర్ ల్యాబులో నేను టెక్నీషియన్‌ని. ఇల్లు మిర్యాలగూడ, రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ని. నా పైన అధికారిగా ఆరేళ్లు వెంకటేశం సార్ ఉండేవాడు. పని తెలిసిన మనిషి. కాని నోరు విప్పి ఒక్కటి నేర్పలేదు. ఏది అడిగినా ఒకటే మాట. “కండ్లున్నయ్ గద, సూస్కో.”

ఇంకో గుణం ఉంది ఆయనకు. కమాండు మొత్తం తానే కొడతాడు, చివరి మీట మాత్రం నొక్కడు. కుర్చీ వెనక్కి జరిపి “నువ్వు నొక్కు” అంటాడు. ఒకసారి అట్లా నేను నొక్కగానే సగం ల్యాబు ఆగిపోయింది. హెడ్ సార్ వచ్చి “ఎవరు నొక్కిన్రు?” అన్నాడు. వెంకటేశం సార్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

ఆ యేడాదే ఆయన ఉద్యోగం మానేసి సూర్యాపేటలో ఇంటిపట్టున ఉన్నాడు. ల్యాబుకు నేనొక్కణ్నే మిగిలాను. మా సర్వర్ లేవడానికి పది నిమిషాలు పట్టేది. లోపలి పనులన్నిటినీ వరసపెట్టి లేపే పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది, సిస్టమ్‌డీ, పెడదామని మీటింగులో చెప్పాను. హెడ్ సార్ అందరి ముందు నవ్వాడు.

“యాదగిరీ, నువ్వు లైట్లార్పి తాళమేస్తే చాలు.”

అందుకే పెట్టాను. ప్రాక్టికల్ పరీక్షలకు ముందురోజు సాయంత్రం... ఎవరికీ చెప్పకుండా. తప్పే. పొద్దున తొమ్మిదికి పిల్లలు వస్తారు. వాళ్ల ఫైళ్లన్నీ ఆ ఒక్క సర్వర్‌లోనే ఉంటాయి. అది లేవకపోతే పరీక్ష లేదు. నా ఉద్యోగమూ లేదు.

పాతది తీసేశాను. కొత్తది ఎక్కించాను. మిషన్ ఆన్ చేయగానే ముందు వచ్చేది గ్రబ్. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌ని పిలవాలో దాని అడ్రసు గ్రబ్‌లో ఒక లైనులో ఉంటుంది. ఆ లైను మార్చి రీస్టార్ట్ కొట్టాను.

నల్ల తెర.

అడ్రసు తప్పు. కొత్త సాఫ్ట్‌వేర్ ఏ ఫోల్డరులో కూర్చుందో నాకు ఖాయంగా తెలియదు. గ్రబ్ తెర మీద ఇంగ్లిషు ‘ఈ’ మీట నొక్కితే ఆ లైను దిద్దవచ్చు, ఆ ఒక్కసారికి. ఒక అడ్రసు కొట్టాను. నల్ల తెర. ఇంకోటి కొట్టాను. నల్ల తెర. ల్యాబుకు ఇంటర్నెట్ ఆ సర్వర్ మీదుగానే వచ్చేది, అదీ లేదు. నాది మాటలకే పనికొచ్చే ఫోను. మిర్యాలగూడ ఆఖరి బస్సు వెళ్లిపోయింది.

చెయ్యకూడదు అనుకుంటూనే వెంకటేశం సార్‌కి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. “పొద్దున కంటి ఆపరేషనైంది బిడ్డా. పట్టీ కట్టిన్రు. పండుకున్నడు.” అంతే, పెట్టేసింది.

పదకొండు దాటింది. సర్వర్ ఫ్యాను ఒక్కటే గుయ్‌మంటోంది. హైవే మీద ఎప్పుడో ఒక లారీ... మళ్లీ నిశ్శబ్దం. ఇంకోసారి గ్రబ్ తెచ్చి, ‘ఈ’ నొక్కి, ఆ లైను ముందు కూర్చున్నాను. కొట్టడానికి ఏ అడ్రసూ మిగల్లేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాను. ఇది గుర్తుపెట్టుకోండి. చేతులు ఒళ్లో ఉన్నాయి.

కర్సర్ కదిలింది.

ఒక్కొక్క అక్షరం దాటుకుంటూ... కుడివైపుకు. లైను చివరికి పోయి ఆగింది. కీబోర్డు చూశాను. ఏ మీట మీదా ఏమీ పడి లేదు. కర్సర్ వెనక్కి వస్తూ నేను రాసిన అడ్రసు తుడిచేయడం మొదలుపెట్టింది. ఒక అక్షరం... ఇంకో అక్షరం... ఇంకోటి. రెండు వేళ్లతో కొట్టే మనిషి తీరు. కాని టకటక లేదు. అక్షరాలు పోతున్నాయి, శబ్దం లేదు. నాకు భయం వేసింది దానికే.

తర్వాత కొత్త అక్షరాలు పడ్డాయి. మధ్యలో ఒకటి తప్పు పడింది. ఆ ఒక్కటి చెరిపితే సరిపోతుంది కదా... చెరపలేదు. మాట మొత్తం మొదటికంటా తుడిచి, మళ్లీ మొదటినుంచి కొట్టింది.

అక్కడ నాకు భయం పోయి కోపం వచ్చింది. అట్లా తుడిచే మనిషి పక్కన ఆరేళ్లు కూర్చున్నాను.

తెర మీద చివరికి ఇది నిలిచింది.

init=/bin/bash

అంటే, ఏ సాఫ్ట్‌వేర్‌నీ లేపకు, ఉత్త కమాండ్ తెర ఒక్కటి తెరువు, నేనే వెతుక్కుంటాను అని. ఇప్పుడు తెలుసు. ఆ రాత్రి దాకా తెలియదు. నాకెవరు నేర్పారు?

కర్సర్ మెరుస్తూ ఆగింది. మిషన్‌ని లేపే బూట్ మీట నొక్కితే అయిపోతుంది. ఒక నిమిషం చూశాను. రెండు నిమిషాలు. నొక్కదు... నా కోసమే ఆగినట్టు.

నేనే నొక్కాను.

లోపలికి దిగాను. ఫోల్డర్లు ఒక్కొక్కటే వెతికాను. నేను అనుకోని చోట కనపడింది కొత్త సాఫ్ట్‌వేర్. సరైన అడ్రసు రాసి, గ్రబ్‌ని అప్‌డేట్ చేసి, మళ్లీ లేపాను. నిమిషంలో లేచింది.

అప్పుడు గుర్తొచ్చింది వైరు. సర్వర్ వెనక పాత సీరియల్ వైరు ఒకటి ఉంది. పక్కగదిలో తన బల్ల దగ్గరినుంచే సర్వర్‌ని నడపాలని వెంకటేశం సార్ ఎప్పుడో గోడకు కన్నం పెట్టి లాగాడు. అవతలి టెర్మినల్‌లో, అంటే అక్కడి తెర, కీబోర్డు మీద, కొడితే ఇవతల గ్రబ్‌లో పడుతుంది. అంటే అవతల ఎవరో ఉన్నారు!

వాచ్‌మన్ లింగయ్యను లేపాను. “తాతా, పక్క రూము తెరువు.”

“గాడ ఏమున్నది సారూ? సామానంతా తుక్కుకేసిరి గద. తాళం తియ్యక నెలలాయె.”

తాళం తుప్పు పట్టింది. నూనె పోసి తిప్పితే గాని రాలేదు. లోపల ఉత్త బల్ల. టెర్మినల్ లేదు. వైరు కొస మేకుకు చుట్టి ఉంది. కొసకు పాలిథిన్ కవరు, కవరుకు రబ్బరు బ్యాండు, వాటి మీద దుమ్ము. నేను ముట్టుకోగానే రబ్బరు బ్యాండు పుటుక్కున తెగింది.

“ఏమైంది సారూ, గట్ల సూస్తున్నవ్?”

“ఏం లేదు తాతా.”

“ఏం లేకనే నిద్ర లేపినవా?”

పరీక్ష తొమ్మిదికే మొదలైంది. “ఇయ్యాల సర్వర్ జల్దీ లేసిందే” అన్నాడు హెడ్ సార్. ఎవరు చేశారని అడగలేదు. అదీ గుర్తుంది నాకు.

ఇంటర్నెట్‌లో రాసిన ఆ ఒక్కడు, కొస ఖాళీగా ఉన్న వైరులో కరెంటు రొద పుడుతుంది, అదే అక్షరాలుగా పడుతుంది అన్నాడు. పడుతుంది, నేనూ చదివాను. పిచ్చి గుర్తులు పడతాయి. రొద తప్పు కొట్టి, తుడిచి, మళ్లీ సరిగ్గా కొడుతుందా?

నెల తర్వాత సూర్యాపేట పోయాను. వెంకటేశం సార్ నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. అక్షరాలు పడటం, సర్వర్ లేవడం చెప్పాను.

“అది మీరేనా సార్?”

“కంటికి పట్టీ కట్టుకొని కోదాడకొస్తనారా?”

“వచ్చిన్రా అనలే. మీరేనా అంటున్న.”

“మిషన్ లేసిందా?”

“లేసింది.”

“పిల్లలు పరీక్ష రాసిన్రా?”

“రాసిన్రు.”

“ఇగ ఏం పంచాయతి? ఛాయ్ తాగు.”

తాగాను. గేటు దాకా వచ్చాక వెనకనుంచి పిలిచాడు. “యాదగిరీ... మీట నువ్వే నొక్కినవ్ గద?”

ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. కాలేజీకి ఇచ్చిన కాగితంలో లేదు, ఇంటర్నెట్‌లోనూ లేదు. ఎట్లా తెలుసని అడిగాను. నల్లద్దాలు వీధి వైపు తిప్పుకున్నాడు.

ఊహించి అన్నాడేమో. ఆరేళ్లు నన్ను చూసిన మనిషి కదా... కావచ్చు. ఆయన నాకు చేసిన అన్యాయాలన్నీ వరసగా చెప్పగలను. ఈ ఒక్కటి మాత్రం... మేలు చేశాడో, అసలు చేశాడో లేదో, తేలకుండా ఎట్లా ఊరుకోను?

వెంకటేశం సార్, ఈసారి సూస్కో అనకండి. చూశాను. కన్నం చూశాను, వైరు చూశాను. తెగిన రబ్బరు బ్యాండు ఇంకా నా డ్రాయరులో ఉంది. నా చేతనైనంతా చూశాను. ఇక మీరు చెప్పాలి.

ఔనా, కాదా? ఒక్క మాట చాలు.